భోజనమయ్యాక చెబుదామనుకున్న కోచ్

తేజేశ్వర్ ఏం చేస్తుంటాడని అమెరికాలోని అరోరా ఊరి గుడి క్యాంటీన్‌లో ఎవరినడిగినా చెప్పేస్తారు. "ప్రొఫెషనల్ ప్లేయరండీ, బేస్‌బాల్!" అంటున్నప్పుడు అక్కడ వడ్డించే మోహన్ అంకుల్ మొహం చూడాలి, తనే దగ్గరుండి ఆట నేర్పినట్టు వెలిగిపోతుంది. ఆ వెంటనే ఎదుటివాళ్లు వేసే ప్రశ్న కూడా ఊరందరికీ కంఠతా వచ్చు. "అది సరే, మరి జాబ్?"

ముప్పై నాలుగేళ్ల తేజేశ్వర్ దగ్గర దీనికి ఇంతవరకు జవాబు లేదు. అందుకే పులిహోర ప్యాకెట్ చేతికందగానే పార్కింగ్ వైపు నడిచేస్తుంటాడు.

బేస్‌బాల్‌లో బంతిని ఆకాశంలోకి లేపేవాడికి పేరు వస్తుంది. నేలబారుగా దూసుకొచ్చే బంతికి ఒళ్లు అడ్డం పెట్టేవాడికి వాతలు వస్తాయి. ఈ రెండో రకాన్ని ఇన్‌ఫీల్డర్ అంటారు. తేజేశ్వర్ చోటు రెండో బేస్, అంటే పరుగెత్తేవాడు తాకాల్సిన రెండో మజిలీ దగ్గర. అక్కడ నిలబడేవాళ్లు పొట్టిగా, చురుగ్గా ఉండాలని శాస్త్రం. అందులో మొదటిది అతనికి పుట్టుకతోనే వచ్చింది.

కాలేజీ ఆఖరి ఏడాదిలో, ఏటా జరిగే కొత్త ఆటగాళ్ల ఎంపికలో ఒక పెద్ద జట్టు అతన్ని ముప్పై ఒకటో రౌండులో ఎంచుకుంది. పెళ్లిలో ఆఖరి పంక్తి లాంటిదది. విస్తరి వేస్తారు, గారెలు మాత్రం అప్పటికే అయిపోయి ఉంటాయి. ఆ రోజు అతని తండ్రి భీమశంకరం ఆఫీసులో స్వీట్లు పంచాడు. ఎందుకని అడిగినవాళ్లకి "మావాడికి ఆఫర్ వచ్చింది" అన్నాడు. ఎక్కడ అని మాత్రం తేల్చలేదు.

ఆ తర్వాత పది సీజన్లు, ఏడు ఊళ్లు, అన్నీ చిన్న లీగ్‌లే. బస్సులో పదకొండు గంటలు వెళ్లి ఆడడం, ఓడడం, మళ్లీ బస్సెక్కడం. మాస్టర్స్ చదవడానికొచ్చిన మన పిల్లలు ఒక్క బెడ్‌రూంలో ఆరుగురు సర్దుకుంటారే, ఆటగాళ్లూ అచ్చం అలాగే నేల మీద గాలి పరుపులు వేసుకుని పడుకునేవాళ్లు. ఆ పిల్లలకి చివర్లో డిగ్రీ అయినా వస్తుంది. ఈ పదేళ్లలో తేజేశ్వర్ కొట్టిన హోం రన్లు, అంటే బంతిని మైదానం దాటించినవి, రెండు. ఒకటి గాలి పుణ్యం. రెండోది ప్రాక్టీస్ మ్యాచ్‌లో కొట్టాడు, అది లెక్కలోకి రాదు.

పెద్ద లీగ్ కల చూపించి చిన్న లీగ్ కూలి ఇవ్వడం ఈ దేశంలో పాత వ్యాపారమే. ఏటా వేలమంది కుర్రాళ్లు ఐదు నెలలు ఆడతారు, మిగతా ఏడు నెలలు గోడౌన్లలో పెట్టెలు మోస్తారు. కూలి పెంచమంటే యజమానులు నొచ్చుకుని "ఆట మీద ప్రేమ లేదా?" అంటారు. పత్తి తీసే కూలీని ఎవరూ పత్తి మీద ప్రేమ ఉందా అని అడగరు. తేజేశ్వర్‌కి ఆ ప్రేమ కాస్త ఎక్కువే ఉండేది. అంచేత కూలి పెంచమని అతనెప్పుడూ అడగలేదు.

ముప్పై రెండో ఏట కుడి మోకాలు మొరాయించింది. అప్పుడు సొంతూరు అరోరాకే తిరిగొచ్చి, ఫాక్స్ రివర్ హెరన్స్ అనే జట్టులో ఇన్‌ఫీల్డర్లకి కోచ్‌గా చేరాడు. ఏ పెద్ద జట్టుతోనూ సంబంధం లేని స్వతంత్ర లీగ్ వాళ్లది. గ్యాలరీ సగం నిండితే ఆ రోజు పండగే. రోజూ మధ్యాహ్నం ఫంగో అనే సన్నటి పొడుగాటి బ్యాట్ పట్టుకుని ఒక్కొక్కరికి వంద బంతులు నేల మీదుగా కొట్టడం అతని పని. వాళ్లు పట్టినా "బాగుంది" అంటాడు, వదిలేసినా "పరవాలేదు, బాగుంది" అంటాడు. ఇంతకంటే గట్టిగా మాట్లాడే కోచ్‌లు తిట్టి ఏడిపించిన రోజులు గుర్తుండి, తను మంచి కోచ్ కావాలని నిశ్చయించుకున్నాడు. మంచివాడయ్యాడు. కోచ్ కావడమే మిగిలిపోయింది.

జట్టు జాబితాలో మాత్రం అతని పేరు పక్కన 'ప్లేయర్-కోచ్' అని ఉంటుంది. రెండేళ్ల కిందట ఎవరికో వేలు విరిగితే, ఆ లోటు పూడ్చడానికి ఆటగాళ్లలో అతన్నీ కలిపారు. వేలు అతుక్కుంది గానీ పేరు జాబితాలోనే ఉండిపోయింది. ఈ రెండేళ్లలో అతనాడింది తొమ్మిది ఇన్నింగ్స్, అంటే ఈ ఆటలో సరిగ్గా ఒక్క మ్యాచ్ అంత. అయితేనేం, మోహన్ అంకుల్ నోట 'ప్లేయర్' అన్న మాట అబద్ధం కాకూడదు కదా!

ఇలా ఉండగా జులైలో ఒక గురువారం పొద్దున జట్టు మేనేజర్ ప్రూట్ పిలిచాడు. అరవై దాటిన మనిషి. పొద్దుతిరుగుడు గింజలు నమలకుండా మాట్లాడలేడు.

"శనివారం సాయంత్రం ఆరింటికి కొత్త జాబితా పంపాలి. మోచెయ్యి బాగుపడి, బంతి విసిరే మన పిచర్ తిరిగొస్తున్నాడు. ఇరవై ఐదుగురికి మించితే లీగ్ ఒప్పుకోదు. ఒకణ్ణి తీసెయ్యాలి."

"ఎవర్ని?"

"విల్‌ఫ్రెడోని. నీ ఇన్‌ఫీల్డరే కదా, నువ్వే చెప్పు. ఇవాళే చెప్పు. వాడి దారి వాడు చూసుకోడానికి రెండు రోజులైనా ఉండాలి."

విల్‌ఫ్రెడో డొమినికన్ రిపబ్లిక్ నుంచి వచ్చినవాడు. ఇరవై తొమ్మిదేళ్లు. ప్రాక్టీసుకి అందరికంటే ముందొచ్చి, రెండో బేస్ చుట్టూ మట్టిలో గులకరాళ్లు ఏరి జేబులో వేసుకుంటాడు. అతని వీసా జట్టు పేరు మీద ఉంది. జట్టు వద్దంటే దేశం కూడా వద్దన్నట్టే లెక్క. వేరే జట్టు తీసుకుని కాగితాలు పెడితేనే ఉండనిస్తారు.

తేజేశ్వర్ డ్రెస్సింగ్ రూంలోకి వెళ్లాడు. విల్‌ఫ్రెడో గ్లవ్‌కి నూనె రాస్తున్నాడు.

"నీతో ఒక మాట చెప్పాలి."

"చెప్పు కోచ్."

తేజేశ్వర్ గొంతు సవరించుకున్నాడు. గ్లవ్ వంక చూశాడు, పైకప్పు వంక చూశాడు. "భోంచేశావా?" అన్నాడు.

ఈ మాట ఎక్కణ్ణుంచి ఊడిపడిందో తెలియాలంటే అతని తల్లి దమయంతి ఇంటి శాసనం తెలియాలి. ఆకలితో ఉన్నవాడికి చెడ్డ కబురు చెప్పకూడదు. తింటున్నవాడికి అసలే చెప్పకూడదు. తిన్నవాడికి అరిగేదాకా ఆగాలి. అరిగేలోపు మళ్లీ ఆకలేస్తుంది కాబట్టి ఆ ఇంట్లో చెడ్డ కబురుకి ముహూర్తమే కుదరదు. బంధువు ఎవరైనా పోయారని ఇండియా నుంచి ఫోనొస్తే, అందరి కంచాల్లో పెరుగన్నం అయ్యాకే దమయంతి పైట కళ్లకద్దుకునేది. ఆ ఇంటి బేస్‌మెంట్‌లో ఉంటూ, ఆ చేతి కూడే తింటున్న కొడుక్కి ఈ శాసనం మజ్జిగ కంటే బాగా వంటబట్టింది.

అలా విల్‌ఫ్రెడో గురువారం మధ్యాహ్నం భీమశంకరం ఇంట్లో బల్ల ముందు కూర్చున్నాడు. మాటలు ఇంగ్లీషులో నడిచాయి. దమయంతి ఇంగ్లీషూ అతని ఇంగ్లీషూ చక్కగా జత కుదిరాయి, ఇద్దరికీ సగమే వచ్చు గనక.

"ఇంకాస్త పప్పుచారు వేసుకో బాబూ. సిగ్గుపడకు."

విల్‌ఫ్రెడో సిగ్గుపడలేదు. అన్నం గిన్నె అడుగున ఎర్రగా అంటుకున్న మాడు చూపించి, అది తనకి పెట్టమన్నాడు. దమయంతి హడలిపోయింది.

"అయ్యో, అది మాడిపోయిందయ్యా! పారేసేది."

"మా ఊళ్లో దానికోసం అన్నదమ్ములు కొట్టుకుంటారు సెన్యోరా," అని గరిటెతో గీకి, కరకరలాడించి తినేశాడు.

మాడుని ఇంత గౌరవించిన మనిషి ఆ గడప తొక్కడం అదే మొదలు. దమయంతి కొడుకు వైపు తిరిగి తెలుగులో, "ఒరేయ్, ఎంత మంచి పిల్లాడ్రా! రేపు కూడా తీసుకురా. గోంగూర చేస్తా" అంది.

భీమశంకరం తన అభిమాన విషయానికి వచ్చాడు. ఇరవై ఏళ్లు వీసాల మీద బతికిన మనిషి. కొత్తవాళ్లని పేరు అడగడం మర్చిపోతాడేమో గానీ ఇది మర్చిపోడు.

"ఇంతకీ నీ స్టేటస్ ఏంటి? స్టాంపింగ్ ఎప్పుడయింది? ఎంప్లాయర్ మారితే కొత్త పిటిషన్ వెయ్యాలా?"

"వెయ్యాలి సర్."

"నాకు తెలుసు. మన బతుకులన్నీ ఒక్కటే," అంటూ భీమశంకరం అతని కంచంలో ఇంకో అప్పడం వేశాడు.

తేజేశ్వర్ దొండకాయ వేపుడులోకి తల దూర్చాడు. తినేటప్పుడు చెప్పకూడదు. తిన్నాక కార్‌లో చెబుదామనుకున్నాడు. కార్‌లో విల్‌ఫ్రెడో హాయిగా నిద్రపోయాడు. నిద్రపోయేవాణ్ణి లేపి చెప్పమని ఏ శాస్త్రంలో ఉంది?

శుక్రవారం పొద్దున్నే ప్రూట్ అడిగాడు. "చెప్పావా?"

"చెబుతున్నా," అన్నాడు తేజేశ్వర్. ఇది అబద్ధమూ కాదు, నిజమూ కాదు. ఇలాంటి మాటలు తయారుచెయ్యడంలో అతని చెయ్యి తిరిగినంతగా బంతి పట్టడంలో తిరిగుంటే పెద్ద లీగ్‌లో ఉండేవాడు.

మధ్యాహ్నం మళ్లీ అదే బల్ల. గోంగూర పచ్చడిలో ఉల్లిపాయ నంజుకోవడం విల్‌ఫ్రెడో అప్పుడే నేర్చుకుంటున్నాడు. అతని ఫోన్ మోగింది. స్పానిష్‌లో రెండు నిమిషాలు మాట్లాడి, ఫోన్ చేత్తో మూసి తేజేశ్వర్ వంక చూశాడు.

"ఇండియానాలో ఒక జట్టు. నా పాత స్నేహితుడు అక్కడ కోచ్. హెరన్స్ వాళ్లు నిన్ను వదిలేస్తారని విన్నాను, నిజమేనా అంటున్నాడు. వాళ్లకి రెండో బేస్‌కి మనిషి కావాలట. నిజమైతే సాయంత్రంలోగా చెప్పమన్నాడు. లేకపోతే ఇంకొకణ్ణి తీసుకుంటాడట. నువ్వు చెప్పు కోచ్. నిజమేనా?"

ఇంత తేలిక బంతి తేజేశ్వర్ జీవితంలో ఎప్పుడూ రాలేదు. నేరుగా, నెమ్మదిగా, ఛాతీ ఎత్తులో వచ్చింది. ఒక్క మాటంటే చాలు.

దమయంతి గరిటెతో అన్నం పట్టుకుని నిలబడి ఉంది.

"ముందు తిను," అన్నాడు తేజేశ్వర్.

"నీకేం భయం బాబూ? మావాడు కోచ్. వాడుండగా నిన్నెవరు తీసేస్తారు?" అంది దమయంతి.

"చూడూ," అన్నాడు భీమశంకరం, వేలు పైకెత్తి. "ట్రాన్స్‌ఫర్ అంటే రిస్క్. పిటిషన్ మధ్యలో ఆగిందంటే అటూ కాదు, ఇటూ కాదు. ఉన్న ఎంప్లాయర్ని వదలకు. ఇది అనుభవంతో చెప్తున్న మాట."

విల్‌ఫ్రెడో ముగ్గురి మొహాలూ చూశాడు. కోచ్ నమ్మకంగా నములుతున్నాడు. ఫోన్‌లో స్నేహితుడికి థాంక్స్ చెప్పి, వద్దన్నాడు. కంచం ముందుకు జరిపి, "సెన్యోరా, మాడు ఉందా?" అన్నాడు.

మనసు నొప్పించకూడదు అనే మాట మనవాళ్లు చాలా గొప్పగా చెప్పుకుంటారు. ఎవరి మనసు అన్నది ఎవరూ అడగరు. తేజేశ్వర్ ఆ రెండు రోజులూ కాపాడుకున్నది తన మనసునే. కంపెనీలు శుక్రవారం సాయంత్రం ఈమెయిల్ పంపి మనుషుల్ని ఊడబెరుకుతాయని అందరం తిట్టిపోస్తాం. ఎంత పాపిష్టిదైనా ఆ ఈమెయిల్ వేళకి వస్తుంది.

శనివారం పన్నెండు గంటలకి ప్రూట్ మళ్లీ అడిగాడు. ఈసారి గింజలు నమలడం ఆపి అడిగాడు. తేజేశ్వర్ మైదానంలోకి నడిచాడు. రెండో బేస్ దగ్గర విల్‌ఫ్రెడో వంగి రాళ్లు ఏరుతున్నాడు.

"విల్‌ఫ్రెడో, నిన్ను తీసేస్తున్నారు. ఇవాళ సాయంత్రం ఆరింటికి."

విల్‌ఫ్రెడో లేచి నిలబడ్డాడు. గుప్పిట్లో రాళ్లు అలాగే ఉన్నాయి.

"నీకెప్పుడు తెలిసింది?"

"గురువారం."

"గురువారం ఎప్పుడు?"

"పొద్దున. భోజనానికి ముందు."

విల్‌ఫ్రెడో స్పానిష్‌లో నాలుగు మాటలన్నాడు. తేజేశ్వర్ పదేళ్లు డొమినికన్ కుర్రాళ్లతో కలిసి ఉన్నవాడు గనక నాలుగూ అర్థమయ్యాయి. ఒక్కటీ అన్యాయంగా అనిపించలేదు. విల్‌ఫ్రెడో పక్కకెళ్లి ఇండియానాకి ఫోన్ చేశాడు. అక్కడ నిన్న సాయంత్రమే ఇంకొకణ్ణి తీసుకున్నారు.

"నీ బల్ల దగ్గరే అడిగాను కదా కోచ్, నిజమా అని," అన్నాడు తిరిగొచ్చి.

"మా అమ్మ ఉందని..."

"మీ అమ్మ పెట్టిన అన్నానికి మీ అమ్మకి దణ్ణం పెడతాను. నీ దగ్గర అన్నం అడగలేదు. నిజం అడిగాను."

తేజేశ్వర్ మైదానం పక్కన ఆటగాళ్లు కూర్చునే డగౌట్‌లోకొచ్చి కూర్చుని ఇంటికి ఫోన్ చేశాడు. వీసా సంగతి తండ్రికంటే తెలిసినవాడు ఎవరున్నారు? జరిగింది మొత్తం, ఈసారి ఏదీ మింగకుండా చెప్పాడు.



"ఏరా," అన్నాడు భీమశంకరం, "అంటే నిన్న నేను వేలెత్తి మరీ సలహా చెప్తుంటే, నువ్వు వింటూ గోంగూర తిన్నావా?"

"అవును నాన్నా."

"మీ అమ్మకి చెప్పకు. ఇప్పుడే భోజనానికి కూర్చుంది." ఈ మాట అనేశాక ఆయనే నాలుక కరుచుకుని మళ్లీ అందుకున్నాడు. "సరే, అది వదిలెయ్. పని చూద్దాం. ఇరవై ఐదు పేర్లు అన్నావు. ఇరవై ఐదుగురూ ఆడేవాళ్లేనా? మా ప్రాజెక్టుల్లో ఎప్పుడూ ఒకడుంటాడు. షీట్‌లో పేరుంటుంది, పని ఉండదు. హెడ్‌కౌంట్ తగ్గించమంటే ముందు వాణ్ణి తీసేవాళ్లం. మీ జట్టులో అలాంటి వెధవ ఒక్కడూ లేడా?"

తేజేశ్వర్ ఎదురుగా గోడ మీద అంటించిన జాబితా వంక చూశాడు.

"ఒకడున్నాడు."

"ఎన్నాళ్లుగా ఉన్నాడు?"

"రెండేళ్లు."

"రెండేళ్లా? ఏం పొడిచాడట?"

"తొమ్మిది ఇన్నింగ్స్."

"మరింకేం! మీ మేనేజర్‌కి కళ్లు లేవా? ముందు వాడి పేరు కొట్టెయ్యమను! ఎవడ్రా వాడు?"

"నేనే నాన్నా."

భీమశంకరం వెధవ అన్న మాట వెనక్కి తీసుకుందామని ఒకసారి నోరు తెరిచాడు గానీ, తీసుకోలేదు. "ఊఁ" అన్నాడు. "జాబ్ ఉంటుందా?"

"కోచ్‌గా ఉంటుంది. ఆటగాడి జీతం పోతుంది. ఇంక నేను ప్లేయర్ని కాను, అంతే."

"బేస్‌మెంట్‌కి ఎటూ అద్దె అడగడం లేదులే," అని ఫోన్ పెట్టేశాడు.

ప్రూట్ గదికి వెళ్లడానికి మైదానం అడ్డంగా దాటాలి. పదేళ్లలో ఏడు జట్లు తేజేశ్వర్‌ని తీసేశాయి. ఎప్పుడూ ఇంకొకడు వచ్చి చెప్పేవాడు, తను బ్యాగు సర్దుకునేవాడు. తన పేరు తనే కొట్టేసుకోవడానికి వెళ్లడం కొత్తగా ఉంది. ఆటగాడిగా చేతగానివాళ్లలో తను మధ్యరకమని ఇన్నాళ్లూ సర్దిచెప్పుకున్నాడు. ఇప్పుడు ఆ తరగతిలోంచి కూడా పేరు తీయించుకోవాలి. దారిలో రెండో బేస్ దగ్గర ఆగిపోయాడు. అతనే ఆశ్చర్యపోయాడు. తొమ్మిది ఇన్నింగ్స్‌కి ఇంత దుఃఖమా?

"విల్‌ఫ్రెడోని ఉంచండి. నా పేరు తీసెయ్యండి. నేనిక ఆడను," అన్నాడు గుమ్మంలోనే నిలబడి.

ప్రూట్ వెంటనే పెన్ను తీసి జాబితాలో ఒక గీత గీశాడు. అంత వేగంగా గీస్తాడని తేజేశ్వర్ అనుకోలేదు. కాస్త బతిమాలితే బాగుండేదనిపించింది.

"ఈ మాట నీకెలా చెప్పాలా అని రెండేళ్లుగా చూస్తున్నా," అన్నాడు ప్రూట్.

"మరి చెప్పలేదేం?"

ప్రూట్ ఇబ్బందిగా కదిలాడు. "మీ అమ్మ మా ఇంటికి ఏటా ఆ మామిడికాయ పచ్చడి పంపిస్తుంది కదా."

మూడున్నరకి ప్రాక్టీసు మొదలైంది. తేజేశ్వర్ ఫంగో బ్యాట్ తీసుకుని, బంతి కొట్టేవాడు నిలబడే హోం ప్లేట్ దగ్గర నిలబడ్డాడు. విల్‌ఫ్రెడో రెండో బేస్ దగ్గరికి వచ్చాడు గానీ గ్లవ్ తొడుక్కోలేదు.

"ప్రూట్ చెప్పాడు," అన్నాడు దూరం నుంచే. "థాంక్స్ చెప్పను కోచ్."

"చెప్పొద్దు."

"ఇండియానాలో అయితే వచ్చే ఏడాదికి కూడా మాటిచ్చేవాళ్లు. ఇక్కడ ముప్పై మ్యాచ్‌లే మిగిలాయి. ఆ తర్వాత నా సంగతేంటి?"

పరవాలేదు, అంతా బాగానే ఉంటుంది అనే మాట తేజేశ్వర్ నాలుక కొసకి వచ్చి నిలబడింది. మింగేశాడు.

"తెలీదు. నువ్విలాగే ఆడితే వచ్చే ఏడాది ఇక్కడ ఎవరూ ఉంచరు."

విల్‌ఫ్రెడో కళ్లు చిన్నవయ్యాయి. "ఇలాగే అంటే?"

"ఎడమ పక్కకి బంతి వచ్చినప్పుడు నీ మొదటి అడుగు ఆలస్యంగా పడుతోంది. మడమల మీద నిలబడుతున్నావు. అందుకే అటువైపు వారానికి రెండు బంతులు వదిలేస్తున్నావు."

"ఎప్పటినుంచి?"

"మే నెల నుంచి."

"మే నెల నుంచా? రోజూ బాగుంది, బాగుంది అన్నావు కదయ్యా!"

"బాగాలేదు."

విల్‌ఫ్రెడో స్పానిష్‌లో ఐదో మాట అన్నాడు. ఇది తేజేశ్వర్‌కి కొత్త. తర్వాత గ్లవ్ తొడుక్కుని, మునివేళ్ల మీదికి బరువు తెచ్చి వంగాడు.

"ఎడమకి కొట్టు. గట్టిగా."

తేజేశ్వర్ కొట్టాడు. అడుగు మళ్లీ ఆలస్యమైంది, బంతి గ్లవ్ అంచుకి తగిలి పక్కకి పోయింది.

"లేటు," అన్నాడు తేజేశ్వర్, ఇంకో బంతి చేతిలోకి తీసుకుంటూ.